ఆ పిల్లలు ఎందుకెళ్ళిపోయారో వాళ్ళ ఊరెళ్ళి అడగండి బాబూ

ప్రశ్న: మాస్టారూ, మాది పలాస. నాన్నగారు పెట్టిన జీడిపిక్కల మిల్లు నేను చూసుకుంటున్నాను, 34 మంది పనిచేస్తారు, ఎక్కువమంది ఆడవాళ్ళే. మనుషులు దొరకటం లేదు, దానికితోడు నలుగురికి పనికొచ్చేది ఏదన్నా చెయ్యాలనిపించి మందస కొండల వైపు నుంచి ఆరుగురు సవర తెగ కుర్రాళ్ళని, ఇద్దరు ఆడపిల్లల్ని పనిలో పెట్టుకున్నాను. కూలీల్ని కుదిర్చే ఒక మేస్త్రీ ద్వారా మనిషికి 5,000 అడ్వాన్సు ఇచ్చాను, మధ్యలో వెళ్ళిపోతారేమో అని ఆధార్ కార్డులు ఆఫీసులో ఉంచాం. ఆడపిల్లలిద్దరూ రెండో వారమే వెళ్ళిపోయారు. మొదటి జీతం అయ్యాక ముగ్గురు కుర్రాళ్ళు చెప్పాపెట్టకుండా పోయారు. పండగని వెళ్ళిన ఇంకొకడు 5 రోజులకి వస్తే సూపర్‌వైజర్ లోపలికి రానివ్వలేదు. ఇప్పుడు ఇద్దరే ఉన్నారు, ఎవరితోనూ మాట్లాడరు. మొన్న మా అమ్మాయి చూసి చెప్పింది, టీ ఇచ్చే ఆమె వాళ్ళకి మాత్రం పేపర్ గ్లాసుల్లో పోస్తోందని. ఇంట్లోవాళ్ళేమో మన వీధి చివర కల్వర్టు మీద ఫోన్లు చూసుకుంటూ కూర్చునే కుర్రాళ్ళకి పని ఇవ్వొచ్చు కదా అంటున్నారు, వాళ్ళని పిలిస్తే పిక్కల పనా అని నవ్వుతున్నారు. మంచి చేద్దామనుకున్నాను, ఎక్కడ తప్పు జరిగింది? వదిలెయ్యమంటారా?

జవాబు: వదిలెయ్యొద్దు బాబూ. కానీ నేను చెప్పే మిగతా మాటలన్నీ తర్వాత చదువుకోండి, ముందు లేచి ఆఫీసు బీరువాలో ఉన్న ఆ ఆధార్ కార్డులు బయటికి తియ్యండి. ఉన్న ఇద్దరివీ ఇవాళే వాళ్ళ చేతిలో పెట్టండి, వెళ్ళిపోయినవాళ్ళవి ఒక కవర్లో పెట్టి పక్కన ఉంచండి, వాటి సంగతి చివర్లో చెప్తాను. మీకు దురుద్దేశం లేదని మీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది, కానీ అడ్వాన్సు ఇచ్చి, అది తీరేదాకా మనిషి ఎక్కడికీ పోకుండా కార్డు దగ్గరపెట్టుకోవటాన్ని వెట్టి అంటారు, 1976లో వచ్చిన వెట్టిచాకిరీ రద్దు చట్టం కింద అది మూడేళ్ళ దాకా జైలు పడే నేరం. మేస్త్రీ చెప్పాడనో, అందరూ అలాగే చేస్తారనో అంటే కుదరదు. చట్టం సంగతి పక్కన పెట్టినా, రేషన్‌కీ బ్యాంకుకీ ఆస్పత్రికీ అన్నిటికీ ఆ కార్డే కదా, అది మీ బీరువాలో ఉంటే ఆ కుర్రాడికి ప్రతి రాత్రీ అదే గుబులు.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. నేను విజయనగరం దగ్గర ఒక జూట్ మిల్లులో చాలా ఏళ్ళు టైమ్ ఆఫీసులో పనిచేశాను, హాజరు వెయ్యటం, కూలి లెక్క కట్టటం, గేటు దగ్గర ఎవరొచ్చారు ఎవరు రాలేదు చూడటం, ఇదే నా పని. అక్కడ జరిగింది ఒకటి చెప్తాను. కొండ నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు, ఇద్దరి పేరూ ఒకటే, ఇంటిపేరు ఇద్దరికీ సవరే, ఎందుకంటే బళ్ళో వేసినప్పుడు మాస్టారు కులాన్నే ఇంటిపేరుగా రాసేశారు, మన రికార్డుల్లో చాలామందికి అలాగే ఉంటుంది. తండ్రి పేరు రాసుకుని ఉంటే సరిపోయేది, మేము రాసుకోలేదు. ఒక నెల ఒకడి ఎనిమిది నాగాలు రెండోవాడి లెక్కలో పడిపోయాయి. అతను ఒక్క రోజు కూడా మానలేదు. కవర్లో డబ్బులు లెక్కపెట్టుకున్నాడు, మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు, కిటికీ దగ్గర కాసేపు నిలబడ్డాడు, నేను "ఏటి?" అన్నాను, ఏం లేదని తల ఊపి వెళ్ళిపోయాడు. మర్నాడు నుంచి రాలేదు. తప్పు నాదని నాకు మూడు నెలల తర్వాత రిజిస్టర్ సరిచూస్తుంటే తెలిసింది. మనిషిని పంపిస్తే, మిల్లువాళ్ళు తనకి ఏదో తప్పు కింద జరిమానా వేశారనుకున్నాడట, ఏ తప్పో అడగటానికి భయపడ్డాడట. డబ్బులు పంపాను గానీ మనిషి తిరిగి రాలేదు. చెప్పాపెట్టకుండా పోయారని మీరు రాశారు చూడండి, ఆ ముక్క చదవగానే నాకు ఆ కిటికీయే గుర్తొచ్చింది.

మొదటి జీతం అయ్యాకే ముగ్గురు వెళ్ళారన్నారు కదా, కారణం చాలామట్టుకు అక్కడే ఉంది. మీ దగ్గర పిక్క కొట్టేదీ పొట్టు తీసేదీ కేజీ లెక్కనే కదా. ఇరవై ఏళ్ళ నుంచి అదే పని చేస్తున్న ఆడవాళ్ళ చెయ్యి వేరు, పిక్క అలా పెట్టి ఇలా కొడితే పప్పు గుండుగా బయటికొస్తుంది, కొత్తవాడు అదే పిక్క కొడితే పప్పు బద్దలైపోతుంది, జీడి నూనె వేళ్ళకి అంటి చర్మం పొక్కిపోతుంది, రోజంతా కూర్చుంటే వాళ్ళు చేసే దాంట్లో మూడో వంతు కూడా అవదు. గుండు పప్పు వేరు, ముక్క వేరు, 320 గ్రేడంటే పౌండుకి 300 నుంచి 320 పప్పులు తూగాలి, విరిగితే రేటు పడిపోతుంది, ఆ నష్టం మీది, నేను కాదనను. కానీ నేర్చుకునే నెలలో నష్టం మొత్తం కుర్రాడి కూలి మీద వేసేసి, అందులో మళ్ళీ అడ్వాన్సు కోసేస్తే చేతికి ఏం వస్తుంది? 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి పనికి కూలి రోజుకి 307 రూపాయలు, అది ఊళ్ళోనే, ఇంటి తిండి తిని చేసే పని. మీ మిల్లులో గది అద్దె, తిండి పోను అంతకన్నా తక్కువ చేతికొస్తే ఏ లెక్క తెలిసినవాడైనా ఇంటికే పోతాడు. వాళ్ళకి పని మీద శ్రద్ధ లేదని మీ సూపర్‌వైజర్ అంటున్నాడేమో, వాళ్ళకి లెక్క తెలుసు, అంతే.

అందుకని మొదటి రెండు నెలలు కేజీ లెక్క వద్దు, రోజు కూలి ఫిక్స్ చెయ్యండి, సర్కారు కనీస వేతనానికి తగ్గకుండా. వారం వారం ఇవ్వండి, సంత రోజుకి ముందు రోజు ఇస్తే ఇంటికి ఉప్పూ పప్పూ పంపుకుంటారు. మొదటి రోజునే ముందర కూర్చోబెట్టుకుని కాగితం మీద రాసి చూపించండి, ఇదిగో రోజుకి ఇంత, ఆదివారం ఇలా, అడ్వాన్సు వారానికి ఇంతే కోస్తాం, నువ్వు మానేసినా నీకు రావాల్సింది నీకిచ్చేస్తాం అని. రెండు నెలలయ్యాక చెయ్యి తిరుగుతుంది, అప్పుడు కేజీ లెక్క వాళ్ళకే లాభం, వాళ్ళే అడుగుతారు.

పండగ సంగతి. నాకు ఇది కోపం తెప్పించే విషయం, ఎందుకంటే మేమూ ఇదే చేశాం. పైడితల్లమ్మ సిరిమాను రోజున మా మిల్లు సగం ఖాళీ, ఎవరూ నోరెత్తరు, అమ్మవారి పండగ కదా అంటారు. సంక్రాంతికి వారం రోజులు రాకపోయినా ఫరవాలేదు. కొండమీదవాళ్ళు కందికొత్తలకి వెళ్ళి నాలుగు రోజులు ఆలస్యంగా వస్తే మాత్రం గేటు దగ్గర పేరు కొట్టేసేవాళ్ళం. కొత్త పంట వచ్చినప్పుడు ముందు దేవుడికి పెట్టి, ఊరంతా కలిసి తిన్నాకే ఎవరైనా ఇంట్లో ముట్టుకుంటారు, కందికొత్తలూ మామిడికొత్తలూ అంటే అదీ. తేదీ మన క్యాలెండర్లో అచ్చేసి ఉండదు, ఊరి పెద్దలు కూర్చుని నిర్ణయిస్తారు, కాబట్టి కుర్రాడు 10 రోజుల ముందు చెప్పలేడు, చెప్పలేదని వాణ్ణి తిట్టటం న్యాయం కాదు. ఏడాదికి ఇన్ని రోజులు పండగ సెలవు, ఎప్పుడు వాడుకుంటావో నీ ఇష్టం, మనిషితో కబురు పంపితే చాలు, అని అందరికీ ఒకటే రూలు పెట్టండి. అందరికీ అంటున్నాను, వాళ్ళకి మాత్రమే కాదు. వాళ్ళకి మాత్రమే పెడితే మిగతా ముప్పైమంది వాళ్ళని ఇంకా దూరం పెడతారు.

టీ గ్లాసుల గురించి మీరు ఉత్తరంలో ఒక్క ముక్కలో రాసి దాటేశారు. నేను దాటను. స్టీలు గ్లాసు ఒకరికి, పేపర్ గ్లాసు ఇంకొకరికి అంటే రెండు గ్లాసుల పద్ధతి మీ మిల్లులో నడుస్తోందన్నమాట, పేరేదైనా అది అంటరానితనమే. 1989 ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం దాకా వెళ్ళే విషయం. టీ ఇచ్చే ఆమెని అందరి ముందూ నిలబెట్టి తిట్టకండి, ఆమె కూడా పేదదే, తరతరాలుగా అబ్బిన అలవాటు. రేపు పొద్దున టీ టైముకి మీరే షెడ్డులోకి వెళ్ళండి, పేపర్ గ్లాసులు తీయించెయ్యండి, అదే స్టీలు గ్లాసు, అదే బల్ల, ఆ ఇద్దరు కుర్రాళ్ళ పక్కన కూర్చుని తాగండి. ఎల్లుండి కూడా. ఒక నెల రోజులు. ఓనరు గారు కూర్చున్న బల్ల మీద ఎవరూ వంకలు పెట్టరు, మిల్లుల్లో అది నేను కళ్ళారా చూశాను. మీ అమ్మాయికి నా తరఫున శభాష్ చెప్పండి, 34 మంది తిరిగే చోట ఎవరి కంటికీ ఆననిది ఆ పిల్ల చూసింది.

ఇక ఎవరితోనూ మాట్లాడరన్నారు. ఏ భాషలో మాట్లాడమంటారు? సవర భాష తెలుగుకి చుట్టం కాదు, అది ముండా భాష, మాట కూర్పే వేరు. వాళ్ళకి తెలుగు వస్తుంది, కానీ సంతలో బేరానికి సరిపోయే తెలుగు వేరు, సూపర్‌వైజర్ గబగబా అరిచే తెలుగు వేరు. మన జిల్లాలోనే పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు, ఆయన పుట్టినరోజు ఆగస్టు 29 అనే కదా మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం, ఆయన పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకునే రోజుల్లో తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లోనే పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు, వ్యాకరణం రాశారు, నిఘంటువు చేశారు, సొంత ఖర్చుతో వాళ్ళకి బళ్ళు పెట్టారు. నూరేళ్ళ కిందటి మాట. మీ సూపర్‌వైజర్ని నిఘంటువు రాయమనటం లేదు, నొప్పికి ఏమంటారు, ఆపు అనటానికి ఏమంటారు, జాగ్రత్తకి ఏమంటారు, ఓ పది మాటలు ఆ కుర్రాళ్ళనే అడిగి నేర్చుకోమనండి. బాయిలర్ దగ్గరా కటింగ్ మిషన్ దగ్గరా ఆ పది మాటలు వేళ్ళు కాపాడతాయి. నేర్పించేవాడు మాట్లాడక తప్పదు, మౌనం దానంతటదే పోతుంది. అలాగే పేరు. "ఏయ్ సవరా" అని మీ మిల్లులో ఎవరైనా పిలుస్తున్నారేమో వినండి, పిలుస్తుంటే ఆపించండి. రిజిస్టర్లో తండ్రి పేరు, ఊరు పేరు కలిపి రాయండి, పీఎఫ్‌లో ఈఎస్ఐలో పేరు ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఎక్కించండి, 34 మంది ఉన్నారు కాబట్టి రెండూ మీకు వర్తిస్తాయి. నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. రిజిస్టర్ పట్టుకున్నప్పుడే ఇంకొకటి చూసుకోండి, 18 నిండనివాళ్ళు ఎవరన్నా ఉంటే మిల్లులోకి వద్దు, ఎంత బతిమాలినా.

ఆడపిల్లల విషయం మీరు అడిగితే చెప్పరు. మీ ఇంట్లో ఆడవాళ్ళని, లేదా మీ మిల్లులో పెద్దావిడని ఒకర్ని పంపి అడిగించండి. నాకు తెలిసి మూడే ఉంటాయి: బాత్రూమ్‌కి సరైన తలుపు లేకపోవటం, సాయంత్రం గది దాకా నడిచి వెళ్ళేటప్పుడు ఎవరో వెంటపడటం, గది ఓనరు ఏదో అనటం. అన్నట్టు, టౌన్లో వీళ్ళకి గది ఎవరిచ్చారు? కొండమీదవాళ్ళంటే అద్దెకివ్వనివాళ్ళు ఉన్నారు. మీరు దగ్గరుండి, మీ పేరు మీద మాట్లాడి గది ఇప్పిస్తే పనిలో సగం భారం తగ్గినట్టే.

ఇంకో మాట, ఇది మీ వ్యాపారానికి పనికొచ్చేది. ఆ కుర్రాళ్ళకి జీడి అంటే మీ మిల్లులోనే తెలిసిందనుకోకండి. వాళ్ళ కొండల మీద జీడితోటలు ఉన్నాయి, 2018 అక్టోబర్లో తిత్లీ తుఫానుకి మీ ఉద్దానంలో చెట్లు పడిపోయినట్టే ఆ పక్కన కొండవాలుల్లోనూ పడిపోయాయి, మళ్ళీ మొక్క వేసి కాపుకొచ్చేదాకా ఎలా బతికారో వాళ్ళనడగండి. ఏ వాలులో పిక్క గట్టిది, ఏది ముందు ఎండుతుంది, ఎవరు తడి పిక్క బస్తాలో కలుపుతారు, ఇవన్నీ చిన్నప్పట్నుంచి చూసినవాళ్ళు. 80 కేజీల బస్తా రేటు మీకూ తెలుసు, కొండ మీద రైతు చేతికి ఎంత వస్తుందో వాళ్ళకి తెలుసు, మధ్యలో ఎంత పోతోందో మీరిద్దరూ కూర్చుంటే తేలుతుంది. ఆ ఇద్దర్లో ఒకడికి లెక్కలు నేర్పించి, సీజన్లో వాళ్ళ ఊళ్ళ నుంచి మీరే నేరుగా సరుకు కొనే పని అప్పజెప్పండి. రైతుకి రెండు రూపాయలు ఎక్కువొస్తాయి, మీకు మంచి పిక్క వస్తుంది, ఆ కుర్రాడు నేల మీద కూర్చుని పిక్క కొట్టే పనితోనే ఆగిపోకుండా ఒక మెట్టు ఎక్కుతాడు. ఎక్కటానికి మెట్టు కనపడని చోట ఏ కుర్రాడూ నిలబడడు.

కల్వర్టు మీద కుర్రాళ్ళ గురించి. మీ ఇంట్లోవాళ్ళు అన్నదాంట్లో నిజం ఉంది, కానీ వీళ్ళా వాళ్ళా అని కాదు, ఇద్దరూ కావాలి. ముందు వాళ్ళని బద్ధకస్తులనుకోవటం మానండి. మన జిల్లాల్లో తెల్లారి నాలుగింటికి హైవే పక్కన చీకట్లో పరిగెత్తే కుర్రాళ్ళని మీరు చూసే ఉంటారు, ఆర్మీ కోసం. కరోనా అప్పుడు రెండేళ్ళు సెలక్షన్ ర్యాలీలు ఆగిపోయాయి, కొందరు ఫిజికల్, మెడికల్ పాసై రాతపరీక్ష కోసం ఎదురుచూస్తుంటే 2022లో అగ్నిపథ్ వచ్చి ఆ పాత రిక్రూట్‌మెంట్లే రద్దయిపోయాయి, ఈలోపు వయసు దాటిపోయింది. మూడేళ్ళు ఒళ్ళు హూనం చేసుకున్న కుర్రాడికి చివరికి కల్వర్టు మిగిలితే, పొద్దున్నే లేవటానికి కారణం పోతుంది. మీ వీధిలో కూర్చున్నవాళ్ళందరూ అలాంటివాళ్ళే అనను, ఒకరిద్దరు తప్పకుండా ఉంటారు, కనుక్కోండి. వాళ్ళు పిక్కల పనా అని నవ్వింది కూడా అర్థం చేసుకోవాలి, మన దగ్గర అది ఆడవాళ్ళ పని అని ముద్ర పడిపోయింది. కాబట్టి పిక్కల పనికి రమ్మని పిలవకండి. ఐటీఐ చేసినవాడు ఉంటే బాయిలర్, మిషన్ల మెయింటెనెన్స్‌కి అప్రెంటిస్‌గా తీసుకోండి. ఫోన్ పట్టుకుని కూర్చుంటాడన్నారే, వాడికి ఆన్‌లైన్లో పప్పు అమ్మే పని, ప్యాకింగ్ డిస్పాచ్ ఇవ్వండి.

అప్రెంటిస్ అంటే మీకు సాయం కూడా ఉంది. 30 మంది, అంతకన్నా ఎక్కువ ఉన్న చోట అప్రెంటిస్‌లని తీసుకోవటం చట్టప్రకారం తప్పనిసరే, మొత్తం మనుషుల్లో రెండున్నర శాతం నుంచి 15 శాతం దాకా. 34 మందికి మీరు తీసుకోవాల్సిందే. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో నాలుగో వంతు, నెలకి 1,500 దాకా కేంద్రం ఇస్తుంది, కుర్రాడికి చివర్లో సర్టిఫికెట్ వస్తుంది, అది విశాఖ వెళ్ళినా పైడిభీమవరం ఫార్మా కంపెనీలకి వెళ్ళినా పనికొస్తుంది. ఇంకొకటి, 2025 ఆగస్టు 1 నుంచి 2027 జులై 31 లోపు కొత్తగా చేరినవాళ్ళకి ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన ఉంది, మొదటిసారి పీఎఫ్‌లో చేరిన కుర్రాడికి ఒక నెల జీతం, 15,000 మించకుండా, రెండు విడతల్లో వస్తుంది, 50 మంది లోపు ఉన్న మీలాంటివాళ్ళు అదనంగా కనీసం ఇద్దర్ని చేర్చుకుని 6 నెలలు నిలబెట్టుకుంటే జీతాన్ని బట్టి మనిషికి నెలకి 3,000 దాకా మీకూ వస్తుంది. ఆ 6 నెలలు నిలబెట్టుకోవటం అన్నదే అసలు షరతు, నేను పైన చెప్పిన టీ గ్లాసూ వారం కూలీ పండగ సెలవూ అన్నీ దానికోసమే అనుకోండి. మీ ఆడిటర్‌ని అడిగితే కాగితాలు చేసిపెడతాడు. శిక్షణ కావాలంటే రాజాంలో జీఎంఆర్ వరలక్ష్మి ఫౌండేషన్ వాళ్ళు నిరుద్యోగ యువతకి వృత్తి శిక్షణ ఇస్తున్నారు, గిరిజనుల అభివృద్ధి చూసే ఐటీడీఏ ఆఫీసు సీతంపేటలో ఉంది, వెళ్ళి మాట్లాడండి.

పెద్ద కంపెనీలకి 2013 కంపెనీల చట్టంలో సీఎస్ఆర్ అని లాభంలో రెండు శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలని ఉంది, మీకు ఆ బాధ్యత చట్టప్రకారం లేదు. అయినా మీకు అనిపించింది చూడండి, అది గొప్ప విషయం. ఒకటే కోరతాను, మంచి చేద్దామనుకున్నాను అన్న మాట మిల్లులో ఎవరి ముందూ అనకండి, ముఖ్యంగా ఆ కుర్రాళ్ళ ముందు. వాళ్ళు పని చేస్తున్నారు, మీరు కూలి ఇస్తున్నారు. దయ చూపించారనుకుంటే కూలి తక్కువైందని అడగటానికి నోరు రాదు, నా కిటికీ దగ్గర నిలబడ్డ కుర్రాడికి రానట్టే.

ఇప్పుడు ఆ కవరు. ఈ ఆదివారం కార్డులు జేబులో పెట్టుకుని వాళ్ళ ఊరెళ్ళండి. ఫోన్ చెయ్యకండి, చాలా చోట్ల సిగ్నలే ఉండదు, ఉన్నా ఫోన్లో ఏమీ చెప్పరు. వెళ్ళినవాళ్ళకి ఇంకా ఎన్ని రోజుల కూలి రావాలో లెక్క కట్టి ఆ డబ్బు కూడా తీసుకెళ్ళండి, అడ్వాన్సు మాట ఆ రోజు ఎత్తొద్దు. ముందు కార్డులూ డబ్బులూ ఇచ్చెయ్యండి, ఇచ్చేశాకే ఎందుకెళ్ళిపోయారని అడగండి. గేటు దగ్గర ఆపేసిన కుర్రాడి ఇంటికి మాత్రం మీ సూపర్‌వైజర్ని కూడా వెంటబెట్టుకుని వెళ్ళండి, రమ్మని అతనే పిలవాలి. మేస్త్రీని తీసుకెళ్ళకండి. అతనుంటే మీకు ఒక్క నిజం కూడా వినపడదు.